గుంటూరు గ్రహణం నుంచి అమరావతి క్వాంటమ్ దాకా.. 150 ఏళ్ల గొలుసులో అగళి పిల్లలకు చోటెక్కడ?

అమరావతి క్వాంటమ్ వ్యాలీ.. ఏపీలో ఏడాదిగా బాగా వినిపిస్తున్న మాట ఇది. ఐబీఎం, టీసీఎస్, ఎల్ అండ్ టీలతో కలిసి 156 క్యూబిట్ల క్వాంటమ్ కంప్యూటర్‌ను తెస్తామని రాష్ట్ర ప్రభుత్వం 2025లో ప్రకటించింది. అదే ఏడాది అక్టోబర్‌లో ఫిజిక్స్ నోబెల్ కూడా క్వాంటమ్ పరిశోధనకే దక్కింది. ఈ రెండు వార్తలూ వేర్వేరుగా వచ్చాయి, వేర్వేరుగా వెళ్లిపోయాయి. నిజానికి అవి రెండూ ఒకే గొలుసులోని లింకులు. ఆ గొలుసులో ఓ పాత లింకు మన గుంటూరులోనే ఉందంటే చాలామంది నమ్మరు.

శ్రీ సత్యసాయి జిల్లా పడమటి అంచున, కర్ణాటకను ఆనుకుని ఉండే అగళిలో పదో తరగతి పిల్ల ఎవరైనా "క్వాంటమ్ కంప్యూటర్‌ను ఎవరు కనిపెట్టారు సార్?" అని అడిగిందనుకోండి. బల్బు అంటే ఎడిసన్, టెలిఫోన్ అంటే బెల్ అన్నట్టు ఒక్క పేరు చెప్పి తప్పించుకోవడం ఇక్కడ కుదరదు. పోనీ ఆ బల్బు, టెలిఫోన్ కథలు కూడా అంత సింపుల్ కాదనుకోండి, అది వేరే సంగతి.

మొదలు గుంటూరులో

1868 ఆగస్టు 18. సంపూర్ణ సూర్యగ్రహణం. చంద్రుడి నీడ దక్కన్ మీదుగా, కృష్ణా తీరం మీదుగా వెళ్తోంది. దాన్ని చూడడానికి ఫ్రాన్స్ నుంచి పియర్ జాన్సెన్ అనే శాస్త్రవేత్త ఓడెక్కి వచ్చి గుంటూరులో మకాం వేశారు. మచిలీపట్నంలో మద్రాస్ అబ్జర్వేటరీకి చెందిన నార్మన్ పాగ్సన్ బృందం ఉంది.

జాన్సెన్ చేతిలో ఉన్నది స్పెక్ట్రోస్కోపు. కాంతిని రంగుల పట్టీగా విడగొట్టి చూపించే పరికరం. ఆ పరికరం ఆయన సొంత బుర్రలో పుట్టింది కాదు. పట్టకంతో తెల్లని వెలుగును ఏడు రంగులుగా విడగొట్టింది న్యూటన్. సూర్యుడి రంగుల పట్టీలో సన్నని నల్ల గీతలను లెక్కపెట్టి పటం గీసింది 1814 ప్రాంతంలో ఫ్రాన్‌హోఫర్. ఒక్కో మూలకానికి ఒక్కో రకం గీతలుంటాయని, వేలిముద్రల్లా అన్నమాట, 1860 ప్రాంతంలో తేల్చింది బున్సెన్, కిర్కాఫ్. వీళ్లందరి పనినీ ఒక పెట్టెలో పెట్టుకుని జాన్సెన్ గుంటూరు వచ్చారని చెప్పుకోవచ్చు.

గ్రహణం వేళ సూర్యుడి అంచున ఎగసిపడే జ్వాలల్లో మెరిసే గీతలు కనిపించాయి. అందులో ఒకటి పసుపు గీత. సోడియందే అయ్యుంటుందని మొదట అనుకున్నారు. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడొచ్చని జాన్సెన్‌కు తట్టింది. మర్నాడే గుంటూరులో చూసి చూపించారు. అక్టోబర్‌లో ఇంగ్లండ్‌లో నార్మన్ లాకయర్ కూడా సొంతంగా అదే పని చేశారు. ఆ పసుపు గీత సోడియం గీతల దగ్గరే ఉన్నా వాటితో కలవడం లేదని, భూమ్మీద తెలియని మూలకం ఏదో ఉందని తేల్చింది లాకయరే. గ్రీకులో సూర్యుడి పేరు మీద దానికి హీలియం అని పేరు పడింది.

హీలియంను గుంటూరులోనే కనిపెట్టారని సోషల్ మీడియాలో తిరిగే మాట కాస్త ఎక్కువ చేసి చెప్పేదే. గుంటూరులో, మచిలీపట్నంలో గీత కనిపించింది. దాని అర్థం లండన్‌లో తేలింది. అసలు వాయువును భూమ్మీద ఒక యురేనియం ఖనిజంలోంచి విలియం రామ్సే బయటకు తీసింది 1895లో. అంటే చూడటానికీ పట్టుకోవడానికీ మధ్య 27 ఏళ్లు.

టీ ఫ్లాస్కు చేసిన మేలు

ఆ హీలియం క్వాంటమ్ కంప్యూటర్‌కు ఎందుకు? చల్లబరచడానికి. అమరావతికి వస్తుందంటున్న తరహా యంత్రంలో చిప్పు పనిచేయాలంటే దాదాపు మైనస్ 273 డిగ్రీల సెల్సియస్ కావాలి. పరమ శూన్య ఉష్ణోగ్రతకు వెంట్రుకవాసి దూరం. హీలియం తప్ప మరే పదార్థమూ అంత కిందికి తీసుకెళ్లలేదు.

ఈ చలి కథ కూడా చేతులు మారుతూనే వచ్చింది. లండన్‌లో జేమ్స్ డ్యూవర్ అనే ఆయన రెండు గోడల మధ్య గాలి తీసేసిన గాజు సీసాను తయారుచేశారు. ఇవాళ బస్టాండుల్లో టీ అమ్మేవాళ్ల చేతిలో ఉండే ఫ్లాస్కుకు తాత అదే. దాని సాయంతో 1898లో హైడ్రోజన్‌ను ద్రవంగా మార్చారు. హీలియం మాత్రం లొంగలేదు. ఆ పని నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో హైకే కామర్లింగ్ ఓన్నెస్ 1908 జులై 10న పూర్తిచేశారు. డ్యూవర్ సీసా లేకపోతే ఓన్నెస్ ప్రయోగం లేదు.

ఓన్నెస్ గురించి పాఠ్యపుస్తకాలు పెద్దగా చెప్పని సంగతి ఒకటుంది. హీలియంను ద్రవంగా మార్చడానికి ఏడేళ్ల ముందే, 1901లో, ఆయన లైడెన్‌లో పరికరాలు తయారుచేసే కుర్రాళ్ల కోసం ఒక శిక్షణ స్కూలు మొదలుపెట్టారు. గాజు ఊదడం, లోహం పని, పంపులు బిగించడం, ఇవన్నీ అక్కడ నేర్పేవారు. మన లెక్కలో ఐటీఐ అన్నమాట. నోబెల్ ఒక్కరికే వచ్చింది. కానీ ఆ ల్యాబ్‌ను నడిపింది మాత్రం ఆ స్కూల్లో చేయి తిరిగిన కుర్రాళ్లు. ఆ స్కూలు ఇప్పటికీ ఉంది. ఈ విషయం గుర్తుంచుకోండి, అగళి దగ్గరికి వచ్చినప్పుడు మళ్లీ అవసరం పడుతుంది.

1911లో ఓన్నెస్ బృందం పాదరసాన్ని ద్రవ హీలియంలో చల్లబరిచి చూస్తే, మైనస్ 269 డిగ్రీల దగ్గర కరెంటుకు నిరోధం ఒక్కసారిగా మాయమైంది. ఎందుకు మాయమైందో చెప్పడానికి ప్రపంచానికి ఇంకో 46 ఏళ్లు పట్టింది. మధ్యలో క్వాంటమ్ సిద్ధాంతం పుట్టి పెరగాల్సి వచ్చింది. 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్ ముగ్గురూ లెక్క తేల్చారు. బాగా చల్లబడ్డ లోహంలో ఎలక్ట్రాన్లు జతలు కట్టి, అన్నీ ఒకే అడుగుగా నడుస్తాయి.

22 ఏళ్ల స్టూడెంట్.. ఎదురుగా నోబెల్ విజేత

ఇక్కడే కథ రసపట్టుకు వస్తుంది. 1962లో కేంబ్రిడ్జిలో బ్రయాన్ జోసెఫ్సన్ అనే 22 ఏళ్ల పరిశోధక విద్యార్థి ఒక లెక్క వేశారు. రెండు సూపర్ కండక్టర్ల మధ్య కరెంటు పారని పలుచని పొర పెట్టినా, ఆ ఎలక్ట్రాన్ జతలు పొరను దాటేస్తాయని, వోల్టేజీ ఇవ్వకపోయినా కరెంటు పారుతుందని ఆ లెక్క సారాంశం. గోడకు కొట్టిన బంతి గోడ అవతల కనిపించడం లాంటిది. క్వాంటమ్ లోకంలో దీన్ని టన్నెలింగ్ అంటారు.

ఈ ఆలోచన ఆ కుర్రాడికి ఆకాశంలోంచి ఊడిపడలేదు. అమెరికాలో ఇవార్ గ్యావర్ 1960లోనే ఇలాంటి పొరల మీద ప్రయోగాలు చేశారు. తర్వాత కేంబ్రిడ్జికి వచ్చిన ఫిలిప్ ఆండర్సన్ క్లాసుల్లో జోసెఫ్సన్ కూర్చున్నారు. కానీ జాన్ బార్డీన్ ఒప్పుకోలేదు. సాక్షాత్తూ సూపర్ కండక్టివిటీ సిద్ధాంతం రాసిన బార్డీన్. ట్రాన్సిస్టర్‌కు అప్పటికే నోబెల్ తీసుకున్న బార్డీన్. జతలు అలా పొరలోకి రావని అచ్చులోనే రాసేశారు. 1962 సెప్టెంబర్‌లో లండన్ సదస్సులో ఇద్దరూ ముఖాముఖి వాదించుకున్నారు.

ఎవరు గెలిచారు? 1963లో బెల్ ల్యాబ్స్‌లో ఆండర్సన్, రోవెల్ ప్రయోగం చేసి చూపించారు. కుర్రాడిదే కరెక్ట్. బార్డీన్ కూడా ఒప్పుకున్నారు. 1973లో జోసెఫ్సన్‌కు నోబెల్ వచ్చింది.

ముందువాళ్ల పని మీద నిలబడటం అంటే వాళ్లు చెప్పిందల్లా తలూపడం కాదని ఈ ఒక్క సంఘటన చాలు తెలుసుకోవడానికి. బార్డీన్ సిద్ధాంతాన్ని బార్డీన్ కంటే గట్టిగా నమ్మాడు కాబట్టే జోసెఫ్సన్ బార్డీన్‌ను కాదనగలిగాడు. అంత పెద్దాయనతో అలా వాదించే చనువు మన క్లాసు రూముల్లో ఏ పిల్లాడికి ఉంది?

తర్వాతి లింకులు చకచకా పడ్డాయి. జోసెఫ్సన్ గైడు బ్రయాన్ పిప్పార్డ్ దగ్గరే మరో విద్యార్థి చేరారు. పేరు జాన్ క్లార్క్. ఆయన తర్వాత కాలిఫోర్నియాలోని బర్కిలీకి వెళ్లారు. చిన్న కణాలకే కాదు, చేతిలో పట్టుకునేంత సర్క్యూట్‌కు కూడా క్వాంటమ్ నియమాలు వర్తిస్తాయా అని ఆంథోనీ లెగెట్ లేవనెత్తిన ప్రశ్నకు జవాబు వెతుకుతూ, 1984, 1985ల్లో క్లార్క్, మిషెల్ డెవోరే, జాన్ మార్టినిస్ ప్రయోగాలు చేశారు. జవాబు.. వర్తిస్తాయి. 2025 నోబెల్ దీనికే. పని చేసిన 40 ఏళ్లకు.

2007లో డెవోరే పనిచేస్తున్న యేల్ యూనివర్సిటీ బృందం అదే జోసెఫ్సన్ జంక్షన్‌తో 'ట్రాన్స్‌మాన్' అనే కొత్త రకం క్యూబిట్‌ను ప్రతిపాదించింది. ఆ పేపర్ రాసినవాళ్లలో జే గాంబెటా ఒకరు. ఆయన తర్వాత ఐబీఎంలో చేరి క్వాంటమ్ విభాగానికి నాయకత్వం వహించారు. ఐబీఎం వాడే క్యూబిట్లు ట్రాన్స్‌మాన్‌లే. అమరావతికి వస్తుందని చెబుతున్న 156 క్యూబిట్ల 'హెరాన్' ప్రాసెసర్‌లో ఉండేదీ అవే.

గుంటూరులో పసుపు గీత. లైడెన్‌లో చలి. కేంబ్రిడ్జిలో లెక్క. బర్కిలీలో ప్రయోగం. చివరికి గుంటూరు పక్కనే అమరావతిలో యంత్రం. ఇంత తిరిగి వచ్చాక మనం దాన్ని ఏం చేసుకుంటామన్నదే ప్రశ్న.

తెలుగువాళ్లకూ ఒక గొలుసుంది

ఈ వరుసలో తెలుగు పేరు ఒక్కటీ లేదే అని నొచ్చుకునేవాళ్లు పక్క గొలుసును చూడాలి. అది విశాఖపట్నం గొలుసు.

సి.వి. రామన్ తమిళుడే అయినా చదువు మొదలైంది విశాఖలో. తండ్రి అక్కడి కాలేజీలో లెక్చరర్. 1921లో ఓడలో తిరిగొస్తూ మధ్యధరా సముద్రం నీలాన్ని చూసి రామన్ ఆగిపోయారన్న కథ అందరూ చెబుతారు. అక్కడ ఆయన ఢీకొన్నది లార్డ్ రేలీ మాటను. సముద్రం నీలం ఆకాశపు ప్రతిబింబమేనని రేలీ అన్నారు. రామన్ ఒక నికోల్ పట్టకంతో ఆ ప్రతిబింబాన్ని అడ్డుకుని చూశారు. నీలం పోలేదు సరికదా, ఇంకా చిక్కబడింది. నీటి అణువులే కాంతిని చెదరగొడుతున్నాయన్నమాట.

ఆకాశం నీలానికి రేలీ ఇచ్చిన వివరణనే నీటికి వర్తింపజేసి, రేలీ తప్పును రామన్ దిద్దారు. తర్వాత ఏడేళ్లు కె.ఆర్. రామనాథన్, కె.ఎస్. కృష్ణన్, ఎస్. వెంకటేశ్వరన్ లాంటి శిష్యులు ఒక్కొక్కరూ ఒక్కో ఆధారం పోగుచేశారు. ఎక్స్ కిరణాలు ఎలక్ట్రాన్‌ను తాకి రంగు మార్చుకుంటాయని, అంటే తరంగదైర్ఘ్యం మారుతుందని, కాంప్టన్ చూపించారు. 1927లో ఆయనకు నోబెల్ వచ్చింది. మామూలు వెలుగులోనూ అలాంటిది ఉండి తీరాలని రామన్ పట్టుపట్టారు. 1928 ఫిబ్రవరి 28న దొరికింది. మనం సైన్స్ డే జరుపుకునేది ఆ రోజునే. కృష్ణన్‌కు దక్కాల్సినంత పేరు దక్కలేదన్న వాదన ఇప్పటికీ ఉంది, అందులో పస లేకపోలేదు.

ఆ రోజుల్లోనే కలకత్తాలో రామన్ దగ్గర చేరిన తెలుగు కుర్రాడు సూరి భగవంతం. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టారు, హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివారు. 1931లో రామన్, భగవంతం కలిసి కాంతి కణానికి స్పిన్ ఉంటుందనడానికి ప్రయోగ ఆధారం ప్రకటించారు. ఆ ఊహకు మూలం సత్యేంద్రనాథ్ బోస్ అని వాళ్లే రాశారు. ఎవరి దగ్గర ఏం తీసుకున్నామో చెప్పడం సైన్స్‌లో మర్యాద మాత్రమే కాదు, తర్వాత వచ్చేవాడికి దారి చూపించే గుర్తు కూడా.

భగవంతం అక్కడితో ఆగలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి పాఠం చెప్పారు, శిష్యులను తయారుచేశారు. టి. వెంకటరాయుడుతో కలిసి గ్రూప్ థియరీని ఫిజిక్స్‌కు ఎలా వాడాలో 1948లో పుస్తకం రాశారు. తర్వాత ఉస్మానియా వైస్ ఛాన్సలర్, బెంగళూరు ఐఐఎస్సీ డైరెక్టర్, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు. సత్యసాయి జిల్లాలో పాతతరం వాళ్లకు ఆయన వేరేలా తెలుసు. పుట్టపర్తి సభల్లో సత్యసాయి బాబా ప్రసంగాలను ఇంగ్లిషులోకి అనువదించిన పెద్దమనిషిగా.

ఇంకో విచిత్రమైన లింకు స్వామి జ్ఞానానంద. పశ్చిమ గోదావరి గొరగనమూడిలో పుట్టిన సన్యాసి. యోగం గురించి చెప్పడానికి జర్మనీ వెళ్లి, ఫిజిక్స్‌లో పడిపోయారు. ప్రేగ్‌లో చదివి, లివర్‌పూల్‌లో జేమ్స్ చాడ్విక్ దగ్గర పనిచేశారు. న్యూట్రాన్ కనిపెట్టిన చాడ్విక్. ఆయన రూథర్‌ఫర్డ్ శిష్యుడు. రూథర్‌ఫర్డ్ జె.జె. థామ్సన్ శిష్యుడు. థామ్సన్ ఎవరి కుర్చీలో కూర్చున్నారో తెలుసా? కావెండిష్ ల్యాబ్‌లో రేలీ కుర్చీలో. ఆ స్వామీజీ తిరిగొచ్చి ఆంధ్ర వర్సిటీలో అణు భౌతికశాస్త్ర ల్యాబ్ పెట్టారు. అంటే విశాఖలో భగవంతం గొలుసు, జ్ఞానానంద గొలుసు.. రెండూ వెనక్కి వెళ్తే రేలీ దగ్గరే తేలతాయి.

అగళి నుంచి చూస్తే..

ఇప్పుడు మళ్లీ అగళికి. వక్క తోటలు, రెండు భాషలు, గట్టు దాటితే కర్ణాటక. ఇక్కడివాళ్లకు అమరావతి కంటే బెంగళూరే చాలా దగ్గర. క్వాంటమ్ విషయంలోనూ అదే నిజం. కేంద్రం 2023 ఏప్రిల్‌లో 6,003 కోట్ల రూపాయలతో నేషనల్ క్వాంటమ్ మిషన్‌కు ఆమోదం తెలిపింది. దాని కింద నాలుగు హబ్‌లు పెట్టారు. బెంగళూరు ఐఐఎస్సీ, ఐఐటీ మద్రాస్, ఐఐటీ బాంబే, ఐఐటీ ఢిల్లీ. కంప్యూటింగ్ హబ్ బెంగళూరులోనే ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఒక్క హబ్బూ లేదు.

ఇంకా దగ్గర్లో మరో ఉదాహరణ ఉంది. హిందూపురం నుంచి బెంగళూరు రైలెక్కితే, సరిహద్దు దాటాక వచ్చేది గౌరీబిదనూరు. అక్కడ 1970ల్లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్, రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ కలిసి ఒక రేడియో టెలిస్కోపు కట్టాయి. వెయ్యి యాంటెన్నాలు, ఆంగ్ల టీ అక్షరం ఆకారంలో, ఒక చేయి దాదాపు 1.4 కిలోమీటర్లు. దూరం నుంచి చూస్తే స్తంభాలు, తీగలు, ఏదో తోటకు వేసిన పందిరిలా ఉంటుంది. కొనుక్కొచ్చిన యంత్రం కాదు, ఇక్కడే డిజైన్ చేసి, ఇక్కడే బిగించింది. అమెరికాలో కార్ల్ జాన్‌స్కీ 1930ల్లో రేడియో టెలిఫోన్‌లో గరగర ఎందుకొస్తోందో వెతుకుతూ పాలపుంత నుంచి వస్తున్న రేడియో తరంగాలను పట్టుకున్నారు. ఆ పనికి కొనసాగింపుగా 34.5 మెగాహెర్ట్జ్ దగ్గర ఆకాశంలో చాలా భాగానికి పటం గీసే పని గౌరీబిదనూరులో జరిగింది. ఆ క్యాంపస్‌లో సూర్యుడి మీద పరిశోధన ఇప్పటికీ నడుస్తోంది. పొలాల మధ్య కూడా గొలుసు ముందుకు పోతుందనడానికి రైలు దూరంలో ఉన్న సాక్ష్యమిది.

అమరావతికి ఇక్కడే తేడా వస్తుంది. ఐబీఎం యంత్రం వస్తే కంపెనీలు, కాలేజీలు దాని సమయాన్ని వాడుకుంటాయి. మంచిదే. కానీ అది తయారైన వస్తువు. దాన్ని చల్లబరిచే ఫ్రిజ్‌లను ప్రపంచంలో కొద్ది సంస్థలే చేస్తాయి. ఫిన్లాండ్‌కు చెందిన బ్లూఫోర్స్ వాటిలో పెద్దది. హీలియం కూడా మన దేశానికి దాదాపు అంతా దిగుమతే. యంత్రం ఆగితే విప్పి బిగించే చేయి, వైరింగ్ చేసే చేయి, వాక్యూమ్ లీకు పట్టే చేయి మన దగ్గర లేకపోతే మన వాటా అద్దె కట్టడం వరకే.

ఇక్కడే లైడెన్ స్కూలు మళ్లీ గుర్తుకు రావాలి. పెనుకొండ దగ్గర కియా ప్లాంటులో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. ఐటీఐ, పాలిటెక్నిక్ చదివిన కుర్రాళ్లు రోబోల పక్కన నిలబడి పని చేయగలరని అక్కడ తేలిపోయింది. క్రయోజెనిక్స్, వాక్యూమ్, మైక్రోవేవ్ ఎలక్ట్రానిక్స్ కోర్సులు వాళ్లకు ఎందుకు పెట్టకూడదు? క్వాంటమ్ వ్యాలీ ప్రకటనల్లో సాఫ్ట్‌వేర్, స్టార్టప్‌ల సందడే ఎక్కువ. పంపు బిగించే మనిషి గురించి మాటలు తక్కువ.

రెండో లోటు బడిలో ఉంది. ఫిజిక్స్ అంటే ఎంసెట్ బిట్లు, ఫార్ములాలు అయిపోయాక, ఎవరు ఎవరి తప్పును ఎలా దిద్దారన్న సంగతి సిలబస్‌లోంచి జారిపోయింది. ప్రాక్టికల్స్ చాలాచోట్ల రికార్డు రాయడానికే. నికోల్ పట్టకం కాకపోయినా, రెండు పోలరాయిడ్ ముక్కలు, ఒక పాత సీడీ ఉంటే చాలు, రామన్ చేసినదానికీ జాన్సెన్ చూసినదానికీ దగ్గరి ప్రయోగాలు సర్కారు బడి వరండాలోనే చేయొచ్చు. సీడీ మీద ట్యూబ్‌లైట్ వెలుగు పడేలా పట్టుకుని చూస్తే పాదరసం గీతల రంగులు విడివిడిగా కనిపిస్తాయి. కడ్డీ చీపురంత ఖర్చు.

ఇక అమరావతి యంత్రం వచ్చేదాకా ఆగాల్సిన పనీ లేదు. ఐబీఎం 2016 మే నుంచే తన క్వాంటమ్ ప్రాసెసర్లను ఇంటర్నెట్‌లో అందుబాటులో పెట్టింది. ఉచిత ఖాతాతో నెలకు కొద్ది నిమిషాల పాటు అసలైన యంత్రం మీదే ప్రోగ్రామ్ నడుపుకోవచ్చు. కిస్కిట్ అనే సాఫ్ట్‌వేర్ కూడా ఫ్రీనే. అగళిలో కావాల్సింది ఒక కంప్యూటర్, నెట్ కనెక్షన్, ప్రశ్న అడిగితే విసుక్కోని ఒక ఫిజిక్స్ టీచర్. మొదటి రెండూ ఈ-టెండరు పిలిస్తే వస్తాయి.